మానని దురద: పథ్యమెంత, సూక్ష్మజీవి యెంత?

మన యిండ్లలో పిల్లవాని ఒంటిమీద దద్దురు కనబడినచో మొట్టమొదట విచారణకు వచ్చునది వంటిల్లు. “నిన్న వీడికేం పెట్టావే?” అను ప్రశ్నతోనే వైద్యము ప్రారంభమగును. వంకాయ, గోంగూర, గుడ్డు, ఎండుచేప, వేరుసెనగ, మామిడిపండు - ఇవన్నియు వరుసగా ముద్దాయిలై నిలువవలసినవే. ఒకటి దురద యనియు, ఒకటి వేడి యనియు, మరియొకటి పైత్యమనియు పెద్దలు తీర్పు చెప్పుదురు. పిల్లవాని కంచములోనుండి ఒక్కొక్క వస్తువే తొలగిపోవును. నెల గడచును, ఆరునెలలు గడచును. కంచము బోసిపోవును గాని మోచేతి మడతలలోని దురద మాత్రము పోదు. రాత్రులందు పిల్లవాడు నిద్రలో గోకికొనుచునే యుండును. తల్లి వాని చేతులు పట్టుకొని మేలుకొనియే యుండును.

పెద్దల యనుమానము కేవలము మూఢనమ్మకమని మేము చెప్పబోవుట లేదు. ఆహారము వలన చర్మము పొంగుట సత్యమే. కాని ఆ సత్యము యొక్క కొలత యెంత? దీర్ఘకాలము వేధించు చర్మపు ఎలర్జీలలో ఆహారము వంతు ఎంత? చర్మముపై నివసించు సూక్ష్మజీవుల వంతు ఎంత? ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్నలకు గడచిన నూరేండ్లలో, ముఖ్యముగా ఈ శతాబ్ది ఆరంభమునుండి లభించిన సమాధానములను శ్రోతల ముందుంచుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట పేర్ల విషయము తేల్చుకొందము. మన వాడుకలో గజ్జి, తామర, దద్దురు అను మాటలు ఒకదాని స్థానమున మరియొకటి వచ్చుచుండును. గజ్జి యనునది కంటికి సరిగా కనబడని యొక పురుగు చర్మమును తొలుచుకొనిపోవుట వలన కలుగును. ఇంటిలో ఒకరినుండి యొకరికి అంటును. అంచు ఎఱ్ఱగా, నడుమ తేటగా, బిళ్ళలు బిళ్ళలుగా వ్యాపించు తామర బూజుజాతి జీవుల వలన కలుగును, ఇదియు అంటువ్యాధియే. ఈ రెండును ఎలర్జీలు కావు. పథ్యముతో వీనికి నిమిత్తము లేదు.

మేము చెప్పబోవు వ్యాధులు వేరు. అవి రెండు. ఒకటి దద్దుర్లు. ఇవి నిమిషములలో ఉబ్బి లేచి, సాధారణముగా ఒక దినము లోపల మచ్చయైనను మిగులకుండ అణగి, వేరొకచోట మరల లేచును. ఆరు వారములకు మించి ఇట్లే జరుగుచున్నచో దానిని దీర్ఘకాలిక వ్యాధిగా వైద్యులు లెక్కింతురు. రెండవది ఎగ్జిమా. ఇది పసితనమున బుగ్గలపైనను, పెరిగినకొలది మోచేతి మడతలందును, మోకాలి వెనుకను కనబడును. చర్మము పొడిబారి, ఎఱ్ఱనై, ఒక్కొక్కప్పుడు రసి కారుచు, గోకగా గోకగా మందమై గరుకెక్కును. దీనిని కూడ కొందరు తామర యనుటచేత, తామరకు వాడవలసిన మందు ఎగ్జిమాకును, ఎగ్జిమాకు వాడవలసిన మందు తామరకును పడి చికిత్స తారుమారగుచున్నది.

ఆహారము చర్మమును ఎట్లు పొంగించునో కన్నులకు గట్టినట్లు చూపిన ప్రయోగ మొకటి 1921లో ప్రకటితమైనది. నాడు జర్మనీలో నుండిన బ్రెస్లౌ నగరమున ప్రౌస్నిట్జ్, కూస్ట్‌నర్ అను ఇద్దరు వైద్యులుండిరి. కూస్ట్‌నరుకు చేప పడదు. వండిన చేప తినినచో ఒడలెల్ల దద్దుర్లెక్కును. ప్రౌస్నిట్జుకు చేప వలన ఏ బాధయు లేదు. కూస్ట్‌నరు రక్తపు రసిని కొంచెము తీసి ప్రౌస్నిట్జ్ తన పొట్టచర్మములోనికి ఎక్కించుకొనెను. మరునాడు అదే చోట చేపసారమును ఎక్కించుకొనగా, అచ్చట దద్దురు లేచెను. దీనినిబట్టి తేలినదేమి? చేప అందరికిని ఒక్కటియే. దానిని శత్రువుగా నెంచు పదార్థ మేదో కూస్ట్‌నరు రక్తములో నున్నది. ఆ పదార్థమేదో తెలియుటకు మరి నలువదియైదేండ్లు పట్టినది. 1966, 1967 సంవత్సరములలో అమెరికాలో పనిచేయుచుండిన ఇషిజాకా అను జపాను దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ అను శాస్త్రజ్ఞులును దానిని వేర్వేరుగా కనుగొనిరి. 1968లో దానికి ఇమ్యునోగ్లోబులిన్ ‘ఇ’ అను పేరు స్థిరపడినది.

అది పనిచేయు విధ మిది. చర్మములో, పైపొరకు దిగువగా, మాస్టు కణములను చిన్న కణములు కావలివాండ్రవలె కూర్చుండి యుండును. వాని లోపల హిస్టమిన్ అను పదార్థము సంచులలో కట్టిపెట్టినట్లుండును. ఇమ్యునోగ్లోబులిన్ ‘ఇ’ ఆ కణముల వెలుపలి భాగమునకు అంటుకొని కాచుకొని యుండును. పడని మాంసకృత్తు రక్తముద్వారా వచ్చి తగిలినంతనే హిస్టమిన్ వెలికి దూకును. సన్నని రక్తనాళములు వెడల్పై, వానినుండి నీరు ఊరి, దద్దురు లేచును. నరముల కొనలు రేగి దురద పుట్టును. ఇదంతయు త్వరితముగా జరుగు వ్యవహారము. సాధారణముగా తిన్న నిమిషములనుండి రెండు గంటలలోపల ఫలితము కనబడును. కావున శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలసిన మొదటి గుర్తు ఇది: పడని ఆహారము సామాన్యముగా ఆలస్యము చేయదు, తిన్నప్పుడెల్ల అదే పని చేయును. మొన్న తిన్న వంకాయకు నేడు లేచిన దద్దురును అంటగట్టుట న్యాయము కాదు.

ఇట్లయినచో నెలల తరబడి ప్రతిదినమును లేచు దద్దుర్ల సంగతి యేమి? వీనిలో ఆహారము దోషి యగుట అరుదు. 1993లో లండను నగరపు పరిశోధకులు ఇట్టి రోగులలో కొందరి రక్తమును పరీక్షించి యొక విశేషమును ప్రకటించిరి. మాస్టు కణములను నేరుగా పొడిచి లేపు ప్రతిరక్షకములు ఆ రక్తములో ఉన్నవి. వానిని తయారుచేసినది రోగి శరీరమే. వెలుపలి శత్రువు లేడు. ఇంటివాడే ఇంటివానిపై చేయి చేసికొనుచున్నాడు. అట్టివాడు పప్పు మానినను, పులుపు మానినను ఫలము శూన్యము. వానికి కావలసినది హిస్టమినును అడ్డగించు మందును వైద్యుడు చెప్పిన మోతాదులో ప్రతిదినమును సక్రమముగా పుచ్చుకొనుట. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ మొదలగు నొప్పిమాత్రలు ఇట్టివారిలో కొందరికి దద్దుర్లను పెచ్చుపెరుగజేయును. నొప్పికని మాత్ర మ్రింగి, ఆ పూట తిన్న కూరను నిందించుట మన యిండ్లలో అరుదు కాదు.

ఆహారమును సూక్ష్మజీవిని ఒక్కచోట చేర్చి చూపు విచిత్రమైన ఉదాహరణ మొకటి కలదు. కానాగడత, సూర మొదలగు సముద్రపు చేపల మాంసములో హిస్టిడిన్ అను పదార్థము విస్తారముగా నుండును. పట్టిన చేపను వెంటనే మంచులో నుంచనిచో, దానిపై చేరిన కొన్ని సూక్ష్మజీవులు హిస్టిడినును హిస్టమినుగా మార్చివేయును. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఉడికించినను, వేయించినను నశింపదు. అట్టి చేపను తిన్నవారికి నోరు చుఱ్ఱుమని, ముఖము ఎఱ్ఱబారి, ఒడలు దద్దుర్లెక్కి, తలనొప్పి కలుగును. చూచుటకు అచ్చముగా ఎలర్జీయే. కాని ఎలర్జీ కాదు. ఎలర్జీయైనచో పంక్తిలో ఒక్కనికి మాత్రమే వచ్చును. ఇది అదే చేపను తిన్న పలువురికి ఒక్కసారి రాగలదు. ఇట్టివాడు తనకు చేప పడదని జీవితాంతము మానుకొన నక్కరలేదు. తప్పు చేపది కాదు. సమయమునకు మంచు లేకపోవుటది.

ఇక రెండవ వ్యాధియగు ఎగ్జిమా. దీని కథ దద్దుర్ల కథకంటె చిక్కైనది. ఆహారము, సూక్ష్మజీవి - ఈ రెండింటికి నడుమ ఇచ్చట మూడవ పాత్రధారి కలదు. అది చర్మమే.

చర్మపు పైపొరను ఇటుకగోడతో పోల్చవచ్చును. ఎండిన కణములు ఇటుకలు. వాని నడుమనున్న క్రొవ్వు పదార్థములు సున్నపు అడుసు. ఈ గోడ లోపలి తేమను బయటికి పోనీయదు; బయటి పదార్థములను లోనికి రానీయదు. 2006లో స్కాట్లండునందలి డండీ విశ్వవిద్యాలయమున మెక్లీన్ అను శాస్త్రజ్ఞుని బృందము ముఖ్యమైన విషయము నొకదానిని కనుగొన్నది. ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు ఈ గోడకు బిగువును, తేమను ఇచ్చును. దానిని తయారుచేయు జన్యువునందు పుట్టుకతోనే లోపమున్నవారికి ఎగ్జిమా సులభముగా వచ్చును. ఎగ్జిమా గలవారందరికిని ఈ లోపము ఉండదు. ఉన్నవారందరికిని ఎగ్జిమా రాదు. ఐనను ఈ పరిశోధన మన దృష్టిని మరల్చినది. అంతవరకు ఎగ్జిమాను లోపలినుండి బయటికి తన్నుకొనివచ్చు రోగమని తలచిన వైద్యులు, గోడ పగులుటతోనే కథ మొదలు కావచ్చునని గ్రహించిరి.

పగిలిన గోడలో కాపురము పెట్టువాడెవడు? 1880 ప్రాంతమున స్కాట్లండులోని అబర్డీన్ నగరపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ కురుపుల చీమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడియున్న జీవులను చూచెను. 1882లో వానికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో స్టెఫిలే యన ద్రాక్షగుత్తి. 1884లో జర్మను వైద్యుడు రోజెన్‌బాక్ వానిలో బంగారువన్నె తెట్టెగా పెరుగు జాతికి ఆరియస్ అని పేరుంచెను. ఈ స్టెఫిలోకాకస్ ఆరియస్ సుమారు మూడింట ఒకవంతు ఆరోగ్యవంతుల ముక్కులలో ఏ హానియు చేయక నివసించుచుండును. కాని వారి చేతిచర్మముపైనను, కాలిచర్మముపైనను అంతగా నిలువదు. ఎగ్జిమా రోగుల స్థితి వేరు. 1974లో అమెరికాలో పరీక్షింపగా నూటికి తొంబదిమందికి పైగా రోగుల పుండ్లపై ఈ జీవి కనబడినది. అనేక పరిశోధనల ఫలితములను ఒక్కచోట చేర్చి 2016లో లెక్కింపగా, నూటికి 70 మంది రోగుల ఎగ్జిమా మచ్చలపై ఇది ఉన్నదని తేలినది.

అది ఊరక కూర్చుండునా? ఎద్దుపుండు నొప్పి కాకికేమి తెలియునన్న సామెత ఇచ్చట సరిపోవును. ఈ జీవి తన విసర్జనములతో గోడలోని అడుసును కరగించును. దాని విషములు కొన్ని శరీరరక్షక కణములను అమితముగా రెచ్చగొట్టును. డెల్టా విషమను ఒకటి మాస్టు కణములను పగులగొట్టునని 2013లో వెల్లడియైనది. ఇన్నిటికంటె వింతయైన విషయము 2023లో తెలిసినది. ఈ జీవి విడుచు వి-8 అను రసము నరముల కొనలను నేరుగా తాకి దురద పుట్టించునని అమెరికాలోని హార్వర్డ్ వైద్యపాఠశాల శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగములు చేసి చూపిరి. వాపు పుట్టించిన తరువాత దాని మూలముగా వచ్చు దురద కాదిది. సూక్ష్మజీవి తానే మీటిన దురద. దురద పుట్టినచో గోకుదుము. గోకినచో గోడ మరింత పగులును. పగిలినచో సూక్ష్మజీవికి మరింత చోటు దొరకును. ఈ గానుగ తిరుగుచునే యుండును. ఆ యింటిలో ఆనాడు గోంగూర వండినారా లేదా యను దానితో దానికి పనిలేదు.

ఐనచో సూక్ష్మజీవులను చంపు మందు మ్రింగించినచో సరిపోవును గదా యని శ్రోత లడుగవచ్చును. అది కూడ తొందరపాటే. బ్రిటనులో 113 మంది పిల్లలపై జరిగి 2017లో ప్రకటితమైన పరిశోధనలో, కొద్దిపాటి సోకు కనబడిన ఎగ్జిమాకు మామూలు చికిత్సతోపాటు ఆంటిబయోటిక్ మందును నోటిద్వారా ఇచ్చినను, పైపూతగా వాడినను, అదనపు లాభము కానరాలేదు. మందు కొన్నిటిని చంపును. గోడ పగిలియే యున్నందున మరల కొన్ని వచ్చి చేరును. పైగా ఆ మందులకు లొంగని జాతులు ప్రబలును. మరి యేమి చేసిన సూక్ష్మజీవి తగ్గును? 2012లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల శాస్త్రజ్ఞులు ఎగ్జిమా పిల్లల చర్మముపై జీవించు సూక్ష్మజీవులన్నింటిని గణించి చూచిరి. రోగము ముదిరినపుడు నానావిధములైన జీవులు తగ్గి స్టెఫిలోకాకసు రాజ్యమేలును; చర్మమునకు చికిత్స జరిగి నయమగుచుండగా మునుపటి వైవిధ్యము తిరిగి వచ్చును. గోడను బాగుచేయుటయే కాపురమున్న దొంగను వెడలగొట్టు ఉపాయమని దీని తాత్పర్యము.

ఇంతకును ఎగ్జిమాలో ఆహారమునకు వంతు లేదా? కలదు. 1998లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధనలో, మధ్యమముగానో తీవ్రముగానో ఎగ్జిమా గల పిల్లలలో సుమారు మూడింట ఒకవంతు మందికి నిజమైన ఆహారపు ఎలర్జీ యున్నట్లు తేలినది. కాని వీరు పెద్ద ఆసుపత్రికి వచ్చిన తీవ్ర రోగులు. తేలికపాటి ఎగ్జిమా గల పిల్లలలో అంతమందికి ఉండదు. అట్టి ఎలర్జీకి కారణమగు పదార్థములును లెక్కకు కొలదియే: గుడ్డు, పాలు, గోధుమ, సోయా, వేరుసెనగ, చేప మొదలగునవి. మన బోనులో మొదట నిలుచు వంకాయ, గోంగూర ఈ ముఖ్యుల జాబితాలో లేవు. ఆహారమును మాన్పించుట వలన ఎగ్జిమా ఎంత తగ్గునని 10 పరిశోధనలను చేర్చి 2022లో లెక్కింపగా, లాభము స్వల్పమని తేలినది.

ఇచ్చట శ్రోతలు ముఖ్యముగా వినవలసిన సంగతి యొకటి కలదు. ఆహారము వలన చర్మము చెడునని మన తలంపు. చర్మము చెడుట వలననే ఆహారము పడకపోవుట జరుగునని ఈ శతాబ్దిలో తెలిసివచ్చినది. 2003లో లండను వైద్యుడు గిడియన్ లాక్, ఆయన సహచరులు వేరుసెనగ ఎలర్జీ గల పిల్లల చరిత్రలు విచారించిరి. పసితనమున వారి పుండ్లపై వేరుసెనగ నూనె కలిసిన లేపనములు పూయుటకును, తరువాత వేరుసెనగ పడకపోవుటకును సంబంధము కనబడినది. జపానులో ఇంతకంటె స్పష్టమైన సంఘటన జరిగినది. గోధుమనుండి తీసిన మాంసకృత్తును కలిపిన ఒక ముఖపు సబ్బును వాడిన 2 వేల మందికి పైగా, అంతకు ముందు గోధుమ చక్కగా తినుచుండినవారికి, గోధుమ ఎలర్జీ పట్టుకొన్నది. 2011లో ఆ సబ్బును వెనుకకు పిలిపించిరి. నోటిద్వారా వచ్చిన క్రొత్తవానిని శరీరము అతిథిగా ఆదరించుట నేర్చుకొనును. పగిలిన గోడనుండి దూరినవానిని దొంగయని గుర్తుపెట్టుకొనును.

ఈ తలంపును లాక్ బృందము మరియొక మెట్టు పరీక్షించినది. ఎగ్జిమాయో, గుడ్డు ఎలర్జీయో గల 640 మంది పసిపిల్లలను 4 నుండి 11 నెలల వయస్సులో తీసికొని రెండు వర్గములుగా చేసిరి. ఒక వర్గమునకు మెత్తని వేరుసెనగ ఆహారము నియమముగా పెట్టించిరి. రెండవ వర్గమునకు అయిదేండ్లవరకు మాన్పించిరి. 2015లో ఫలితములు వెలువడినవి. మానిన వర్గములో నూటికి 17 మందికి వేరుసెనగ ఎలర్జీ వచ్చినది. తిన్న వర్గములో నూటికి 3 మందికి మాత్రమే. ఎలర్జీ రాకూడదని చేసిన పథ్యమే ఎలర్జీకి త్రోవ చూపినదన్నమాట.

పథ్యము చేసిన హాని అంతటితో ఆగదు. 2016లో అమెరికాలో 298 మంది ఎగ్జిమా రోగుల చరిత్రలను పరిశీలించిరి. ఎగ్జిమా తగ్గునని కొన్ని ఆహారములను మాన్పించిన పిల్లలలో, అదివరకు తక్షణ ఎలర్జీ లేనివారిలోనే సుమారు అయిదింట ఒకరికి, ఆ ఆహారము మరల తగిలినపుడు క్రొత్తగా తక్షణ ఎలర్జీ కనబడినది. అనగా నిన్నటివరకు పాలు త్రాగి కొంచెము గోకికొనుచుండిన పిల్లవానికి, నెలలు మాన్పించిన తరువాత అవే పాలు ప్రాణాపాయము తేగలవు. 2001లో అమెరికా చర్మవైద్యులు మరియొక ఘోరమును ప్రకటించిరి. పాలు పడవని తామే నిశ్చయించుకొన్న కొందరు తల్లిదండ్రులు వానిని మాన్పించి, మాంసకృత్తులు కొరవడిన ఆహారము పెట్టగా, కలిగిన యిండ్ల పిల్లలకే క్వాషియార్కర్ అను పోషణలోపపు వ్యాధి వచ్చినది. కాళ్ళు వాచి, చర్మము పొరలు పొరలుగా ఊడు వ్యాధి యది. చర్మమును బాగుచేయబోయి చర్మమునే పోగొట్టుకొనిరి. దక్కనులో జొన్నకూడే ముఖ్యాహారముగా గల బీదలలో పెల్లాగ్రాను హైదరాబాదు పోషకాహార పరిశోధకులు చూచియేయున్నారు. ఎండ తగిలిన చర్మము నల్లబడి గరుకెక్కు వ్యాధి యది; అదియు ఆహారలోపమే. చర్మము తిండి వలన చెడుటకంటె తిండి లేక చెడుట మన దేశమునకు క్రొత్త కాదు.

కావున గృహస్థులు చేయవలసినదేమి? మొదటిది గోడను కాపాడుట. ఎగ్జిమా గల పిల్లలకు గోరువెచ్చని నీటితో పది నిమిషములకు మించని స్నానము చాలును. ఘాటైన సబ్బు, గరుకు పీచు పనికిరావు. సెనగపిండి, పెసరపిండి కలిపిన నలుగు పిండిని పగిలిన చర్మముపై రుద్దకుండుట మేలు. రాపిడి యొక కారణము. పగులునుండి తిండిగింజల మాంసకృత్తు లోనికి పోవునేమో యనునది రెండవ కారణము. ఒడలు మెల్లగా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసనలేని లేపనమును దట్టముగా పూయవలెను. ఖరీదైన లేపనములు కొనలేనివారికి కొబ్బరినూనె యున్నది. ఫిలిప్పీన్సులో 2008లో ప్రకటితమైన పరిశోధనలో, స్వచ్ఛమైన కొబ్బరినూనె పూసిన రోగుల చర్మముపై స్టెఫిలోకాకసు బాగుగా తగ్గినది; ఆలివ్ నూనె అంతటి మేలు చేయలేదు.

రెండవది ఎఱ్ఱనై రేగిన చోట వైద్యుడు వ్రాసిన స్టిరాయిడు లేపనమును చెప్పినన్ని దినములు వాడుట. దానిని చూచి భయపడి మానుట ఎంత తప్పో, అంగడిలో మూడు నాలుగు మందులు కలిపి యమ్ము గొట్టపు లేపనమును అడుగకయే కొని యేండ్ల తరబడి పూయుటయు అంత తప్పు. ఆ మిశ్రమముల వలన తామర అణగినట్లే అణగి ఒడలెల్ల ప్రాకి, మందులకు లొంగని మొండితామర నేడు మన దేశమంతట ప్రబలినది. మూడవది సోకును గుర్తించుట. తేనెరంగు పక్కులు కట్టినను, చీము పట్టినను, నొప్పి, జ్వరము వచ్చినను, సూదితో పొడిచినట్టి చిన్న పుండ్లు గుంపుగా లేచినను ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను. ఆంటిబయోటిక్ మందునకు గాని, వైరసు మందునకు గాని అది సమయము.

నాలుగవది ఆహారము. నిజముగా అనుమానము కలిగినచో ఒక పుస్తకములో తిన్నదియు, తిన్న వేళయు, దద్దురు లేచిన వేళయు వ్రాసికొనవలెను. ఒకే పదార్థము మూడు నాలుగుమారులు అదే విధముగా పట్టుబడినచో వైద్యుని సంప్రదింపవలెను. రక్తపరీక్షలోనో, చర్మపు పరీక్షలోనో ‘ఉన్నది’ అని వచ్చినంతమాత్రమున అది పడదని కాదు. చక్కగా తిని జీర్ణించుకొనువారికి కూడ ఆ పరీక్షలు ‘ఉన్నది’ అనును. నూరు, ఇన్నూరు పదార్థములను ఒక్కసారిగా పరీక్షించి పెద్ద జాబితా నిచ్చు ఇమ్యునోగ్లోబులిన్ ‘జి’ పరీక్షలు ఎలర్జీని తేల్చలేవు. ఆ ప్రతిరక్షకము ఆహారము అలవాటైనదని మాత్రమే చెప్పును. వైద్యుని అనుమతితో ఒక్క పదార్థమునే రెండు మొదలు నాలుగు వారములు మాన్పించి, మరల పెట్టి చూచుటయే సరియైన పరీక్ష. మాన్పించినపుడు తగ్గి, పెట్టినపుడు రేగవలెను. అప్పుడే నేరము రుజువైనట్లు. మరల పెట్టి చూచుట ఇంటిలో తామే చేయదగిన పని కాదు. వైద్యుని కనుసన్నలలోనే జరుగవలెను. తినగానే పెదవులు వాచుట, గొంతు బిగియుట, ఊపిరి ఆడకపోవుట, సొమ్మసిల్లుట ఎన్నడైన కలిగినచో క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఆ సమయమున ప్రాణము నిలుపునది తొడకు పొడుచు అడ్రినలిన్ సూది. దద్దుర్ల మాత్ర అందుకు చాలదు.

ఇంత చెప్పినను పథ్యము మీద మా కెట్టి పగయు లేదని మనవి. పథ్యమును ఇచ్చుటకు ముందు విచారణ జరుగవలెనని మాత్రమే మా కోరిక. సాక్ష్యము లేనిదే శిక్ష వేయకుండుట న్యాయస్థానములకు ఎంత ధర్మమో, వంటింటికిని అంత ధర్మము. కంచములో గుడ్డును తీసివేయుట సులభము. దినమునకు రెండుమారులు ఓపికతో పిల్లవాని ఒడలికి నూనె పూయుట కష్టము. మన మందరమును సులభమైన దానినే ముందుగా చేయుచున్నాము. రేపు రాత్రి పిల్లవాడు గోకికొనుచు మేల్కొనినపుడు, ఏమి తిన్నాడని అడుగుటకు ముందు దీపము వెలిగించి వాని మోచేతి మడతను చూడవలెను. అది పొడిబారి పగిలియున్నదా, పక్కు కట్టినదా యని చూడవలెను. ఆ వేళకు వానికి కావలసినది వంటింటి విచారణ కాదు. ఆరబోయిన ఒంటికి ఒక చేతెడు కొబ్బరినూనె.